ఉప్పు గమ్లి

అనగా అనగా, ఉప్పు కాళ్ళతో నడిచొచ్చే కాలంలో, మన కొండల కింద గమ్లి అని ఒక లంబాడీ ముసలమ్మ ఉండేది. ఉప్పుకి కాళ్ళెక్కడివి అంటారా? గమ్లి ఎద్దుల కాళ్ళే ఉప్పు కాళ్ళు. పన్నెండు ఎద్దులు. సముద్రం ఒడ్డున ఉప్పు నింపుకుని, కొండలెక్కి, కొండలు దిగి, నెల పైన నడిచి మన మూడూళ్ళకీ వచ్చేది. గొట్టిమాను, రాళ్ళకుంట, పెద్దచెలమ. మూడూ గుప్పెడు గుప్పెడు ఊళ్ళు.

గమ్లి తండాకి ఒక కట్టుబాటు ఉంది. దారి పట్టినవాడు పొయ్యి పొగ కనబడ్డ ప్రతిచోటా ఆగాలి. కొనేది దోసెడైనా ఆగాలి. ఏమీ కొనకపోయినా ఆగి, "ఉప్పుందా తల్లీ?" అని అడిగి పోవాలి. పొగ చూసి ఆగనివాడితో తండాలో ఎవరూ కలిసి కూడు తినరు. గమ్లి బుద్ధెరిగినప్పట్నుంచీ దారంటే అదే అనుకుంది. ఇంకో రకం దారి ఉంటుందని ఆ పిచ్చితల్లికి చెప్పినవాళ్ళెవరు?

అట్లా ఉండగా దొరలొచ్చారు. రైలుబండికి ఇనుప దారి వేస్తామన్నారు. ఆ కొండల్లో ఎడ్లబండి కూడా పోదు, వీపున మోసే ఎద్దే పోవాలి. అందుకని గమ్లిని పనికి పిలిచారు. పనివాళ్ళు తాగిన నీళ్ళు, తిన్న గింజలు, వంతెనలకి పెట్టిన సున్నం, అన్నీ ఆ పన్నెండు ఎద్దుల వీపుల మీదే వచ్చాయి. తన నోటి దగ్గర కూడు లాక్కునేదానికి తనే మేత మోసిందన్నమాట.

ఒకరోజు పని చేయించే దొర దగ్గరికి పోయి అడిగింది.

"దొరా, దారి వేస్తుండారు గదా. పొగ కనబడినకాడల్లా మీ బండి ఆగుద్ది గదా?"

దొర చుట్ట కాలుస్తున్నాడు. ఏం విన్నాడో ఏమో, నవ్వి తలూపాడు. గమ్లికి అది చాలు.

కొన్నాళ్ళకి దొరకి కలప కావలసి వచ్చింది, రాయి కావలసి వచ్చింది, మనుషులు కావలసి వచ్చారు. మూడూళ్ళూ మొండికేశాయి. గమ్లి ఊరూరా తిరిగి నచ్చజెప్పింది. పెద్దచెలమలో ఓబుళవ్వ అని ఒకామె. ఆమె ఊ అంటే ఊరంతా ఊ అన్నట్టు.

"మా మగోళ్ళని కొండ తవ్వను పంపితే మాకేం ఒరుగుద్దే?" అంది ఓబుళవ్వ.

"బండి మీ ఊరికాడ ఆగుద్దవ్వా. ఇంక కరువొచ్చినా బయం లేదు. గింజలు మీ గడపకాడ దిగుతయ్యి."

"ఎవరి మాట ఇది?"

తండాలో ఒట్టంటే ఉప్పు మీదే. గమ్లి ఉప్పుగల్లు తీసి నాలుక మీద పెట్టుకుంది. "నా మాట," అంది.

గొట్టిమాను మానులిచ్చింది. రాళ్ళకుంట రాళ్ళిచ్చింది. పెద్దచెలమ మనుషుల్నిచ్చింది. ఓబుళవ్వ కొడుకు కొండ తొలిచే చోట బండ కింద పడి చనిపోయాడు. ఓబుళవ్వ ఏడ్చి ఏడ్చి, పోనీలే, ఊరికి బండొస్తుంది కదా అని మనవడిని ఒళ్ళో వేసుకుంది.

బండి రానే వచ్చింది. మూడూళ్ళవాళ్ళూ పసుపూ కుంకుమా కొబ్బరికాయలూ పట్టుకుని రైలుకట్ట పక్కన నిలబడ్డారు. బండి ఆగలేదు. పొగ మొహాన కొట్టి పోయింది.

బండి ఆపమని అడగను గమ్లి పట్నంలో స్టేషను మాస్టరు దగ్గరికి పోయింది. ఒకసారి పోతే నవ్వాడు. రెండోసారి పోతే, "మీ ఊళ్ళు మా కాగితంలో లేవు," అన్నాడు. మూడోసారి పోతే బంట్రోతు చేత గెంటించాడు.

పట్నానికి రైల్లో ఉప్పొచ్చింది. ఎద్దు మీది ఉప్పు అడిగేవాడు లేడు. తండావాళ్ళు ఎద్దుల్ని తెగనమ్ముకుని చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

ఆపైన వాన మొహం చాటేసింది. ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు. పెట్టెలు పెట్టెలుగా గింజలు మన కళ్ళముందే పోయాయి. ఎక్కడికి? ఎక్కువ ధర పలికే చోటికి. మూడూళ్ళలో ఆకులు తిన్నారు, దుంపలు తిన్నారు, చింతగింజలు తిన్నారు. బండి ఆగలేదు.

గమ్లి ఎద్దులు ఒక్కొక్కటే మేత లేక పడిపోయాయి. మరి మాటో? మాట పడిపోదు కదా. కాళ్ళ కడియాలు పట్నంలో అమ్మి జొన్నలు కొని, నెత్తిన పెట్టుకుని, రెండురోజులు నడిచి గొట్టిమానులో దించింది. మళ్ళీ పోయి చెంపల వెండి అమ్మి రాళ్ళకుంటలో దించింది. మూడోసారికి ఒంటిమీద ఏమీ లేదు. చచ్చిపోయిన ఎద్దుల మెడ గంటలు అమ్మింది. ఆ మూటతో కట్ట పక్కనే నడుస్తుంటే, గింజల బండ్లు ఆమెని దాటుకుంటూ పోయాయి.

పెద్దచెలమ చేరేసరికి ఊళ్ళో ఒక్క పొయ్యి నుంచీ పొగ రావడం లేదు. అయినా ఆగింది. ఓబుళవ్వ తలుపు తీసింది.

"జొన్నలు తెచ్చినానవ్వా."

"ఎవురికే? మనవడు మొన్న పోయినాడు. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలినా."

గమ్లి నెత్తిమీది మూట దించి ముందుకు చాపింది.

"బండే ఆగలేదు గదా," అంది ఓబుళవ్వ. "నువ్వెందుకు ఆగినావు?"

"మాట నాది గదవ్వా."

ఓబుళవ్వ తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. మూట అందుకుని, ఊళ్ళో మిగిలినవాళ్ళకి గంజి కాయడానికి పోయింది. ఆమె గంజి తెచ్చేసరికి, గోడకి చేరగిలబడ్డ గమ్లి మళ్ళీ లేవలేదు.

ఎంతో కాలానికి, అడవి కలప తరలించుకోవడానికి పనికొస్తుందని, పెద్దచెలమ దగ్గర స్టేషను కట్టారు. బోర్డు మీద ఆ తలూపిన దొర పేరే రాశారు. గమ్లి పేరు ఎవడు రాస్తాడు? మనవాళ్ళే ఆ చోటుని గమ్లిగోడ అంటారు. రైలెక్కే ముందు అక్కడ చిటికెడు ఉప్పు నేలమీద వేసి ఎక్కుతారు.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరో పెద్దమనిషి ఊరికి ఏదో చేస్తానని నవ్వుతూ తలూపుతాడు. ఊళ్ళో పేదవాడు ఒకడు నమ్మి, "ఆయన చేస్తాడు, పూచీ నాది," అని లేస్తాడు. అప్పుడు మన ముసలమ్మలు వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టి ఇప్పటికీ అనే మాట ఒకటే:

"మాట దొరది, మోత గమ్లిది."