బొంతయ్య చల్లిన తవుడు

పిల్లలూ, గాలం వేసినవాడు అన్నిటికంటే ఎక్కువసేపు చేసే పని ఏమిటి? ఆలోచించుకోండి. కథ అయ్యాక చెబుదురుగాని.

అనగనగా ఒక అడవి, అందులో ఒక చిన్న చేపల చెరువు. గూడుబళ్లలో తిరిగే జంతువులు ఆ చెరువు గట్టున మకాం దిగేవి. సరిగ్గా నాలుగు బళ్లకే చోటు. ఆ మకాం చూసుకునేది తాబేలమ్మ.

ఒకరోజు పొద్దున్నే బొంతయ్య అనే ఎలుగుబంటి తన బండి తానే లాక్కుంటూ వచ్చి అక్కడ దిగాడు. బండిలో కూతురు తేనమ్మ ఉంది. జ్వరం తగ్గి మూడు రోజులైనా దాని నోటి చేదు పోలేదు. ఏం పెట్టినా వద్దంటోంది.

"చేపల పులుసైతే తింటా నాన్నా," అంది తేనమ్మ.

"అదెంత పని? మధ్యాహ్నానికి పెడతాగా," అన్నాడు బొంతయ్య.

తాబేలమ్మ అందరికీ ఇచ్చినట్టే అతనికీ మూడు పిడికిళ్ల తవుడు మూటకట్టి ఇచ్చింది. "ఇక్కడ వలలు వెయ్యకూడదు అల్లుడూ. తవుడు చల్లు, గాలం వెయ్యి, కూర్చో," అంది.

ఆ చివరి మాట వినకుండానే బొంతయ్య పరిగెత్తాడు.

రేవు రాయి దగ్గర ఒక పిడికెడు చల్లి గాలం వేశాడు. గాలం తాడుకి కట్టిన బెండు కదల్లేదు. "ఇక్కడ చేపల్లేవు," అని లేచి తుంగ దగ్గరికి పోయాడు. అతను అలా లేవగానే కొంగ కోటయ్య వచ్చి రేవు రాయి మీద ఒంటికాలిపై నిలబడ్డాడు. కాసేపటికే ఒక చేపను పట్టాడు.

తుంగ దగ్గర రెండో పిడికెడు చల్లాడు. అక్కడా అంతే. బొంతయ్య లేచాడు, కోటయ్య వచ్చాడు, ఇంకో చేప.

"ఏం బావా, నా వెనకే తిరుగుతున్నావు?" అన్నాడు బొంతయ్య.

"నువ్వు విస్తళ్లు వేసి వెళ్లిపోతున్నావు బావా. వచ్చిన చుట్టాల్ని నేను పలకరిస్తున్నాను," అన్నాడు కోటయ్య.

బొంతయ్య మూతి ముడుచుకుని తాబేలమ్మ దగ్గరికి పోయాడు. "అత్తా, ఆ కొంగ నా అదృష్టం ఎత్తుకుపోతున్నాడు."

"అదృష్టం కాదు, నీ తవుడే. అది తడిసి అడుక్కి దిగాలా? వాసన చేపలకి అందాలా? అవి మెల్లగా చేరాలా? అవి చేరే వేళకి నువ్వు లేస్తున్నావు," అంది తాబేలమ్మ.

మూటలో ఒక్క పిడికెడే మిగిలింది. బండిలోంచి తేనమ్మ, "నాన్నా, పులుసు అయిందా?" అని అడిగింది.

బొంతయ్య తుమ్మచెట్టు కింద ఆ పిడికెడూ చల్లి, గాలం వేసి కూర్చున్నాడు. అవతలి గట్టున ఒక చేప ఎగిరింది. లేచి అటు పోదామని అతని కాళ్లు జిలపెట్టాయి. రెండు కాళ్లూ మడిచి వాటి మీదే కూర్చున్నాడు.

"లేస్తున్నావా బావా?" అన్నాడు కోటయ్య.

"లేవను బావా."

కాసేపయ్యాక, "ఇంకా లేవవా?"

"నీకు కాలు నొప్పెడితే రెండోది దించుకో. నేను మాత్రం లేవను."

బెండు ఒకసారి వణికింది. ఆ తర్వాత బుడుంగున మునిగింది. బొంతయ్య లాగితే మూరెడు బొచ్చె చేప గట్టున పడింది.

ఆ మధ్యాహ్నం తేనమ్మ పులుసన్నం తిని, గిన్నె నాకి, ఇంకా కావాలంది. బొంతయ్య గట్టు మీదికి కేకేశాడు: "రా బావా, ఈసారి విస్తరి నీకే వేశాను."

నీతి: మొదలుపెట్టిన పని ఫలించేదాకా అక్కడే నిలబడాలి. మధ్యలో లేచిపోతే మన కష్టం ఇంకొకరి పాలవుతుంది.

ఇప్పుడు చెప్పండి, గాలం వేసినవాడి పని ఏమిటి? కూర్చోవడం. అంతే. నేనేమో చేటలో బియ్యం సగమే ఏరి లేచొచ్చాను. పిచ్చుకలు ఆ చేటను విస్తరి అనుకోకముందే వెళ్లి మిగతావి ఏరుకుంటాను.