మాణిక్యం ఎంబీఏ సీటు

అడవంతా ఒకటే హడావుడి! ఎలుగుబంటి మేష్టారి కాలేజీలో ఎంబీఏకి ఒక్కటే సీటు మిగిలింది. పోటీకి నలుగురు. నక్క, కోతి, కోడిపెట్ట, మన గాడిద మాణిక్యం.

నక్కకి ఏనుగుల చెరకు కంపెనీలో మేనేజరైపోవాలని ఆశ. మాణిక్యం సంగతి వేరు. ఐదేళ్లుగా అడవి చలివేంద్రానికి వాగు నుంచి నీళ్లు మోస్తోంది. ఎంత మోసినా మధ్యాహ్నానికల్లా తొట్టి ఖాళీ. పోయిన ఎండాకాలం దాని కళ్లముందే ఓ లేడిపిల్ల దప్పికతో సొమ్మసిల్లింది. "నాకు మొయ్యడమే వచ్చు, నడపడం నేర్చుకోవాలి" అని ఆ రోజే గట్టిగా అనుకుంది.

సీటు ఎవరికో తేల్చే గ్రూప్ డిస్కషన్ రోజు రానే వచ్చింది. మాణిక్యం కాలు ఒకచోట నిలవడం లేదు.

"నక్క బావా, లోపల ఏం చెయ్యాలి?"

గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అనుకుని నక్క లోలోపల నవ్వుకుంది. "ఏముంది మాణిక్యమ్మా! గొంతు ఎవరిది పైకి లేస్తే సీటు వాళ్లది. నీకు దేవుడిచ్చిన గొంతుంది, ఓండ్ర పెట్టెయ్!"

"ఎంత మంచివాడివి బావా!"

మేష్టారు నలుగురినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. "చలివేంద్రంలో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. ఏం చెయ్యాలో పావుగంటలో తేల్చండి."

మాణిక్యం గుండె ఎగిరిపడింది. అచ్చం తన బాధే!

"చలివేంద్రానికి ముందు బ్రాండ్ కావాలి! చెట్టుచెట్టుకీ ఫ్లెక్సీ కట్టాలి!" నక్క అందుకుంది.

"దాని మీద నా ఫొటో ఉండాలి!" కోతి కొమ్మెక్కింది.

"నీ మొహానికి ఫొటోనా?"

"నీ మొహానికి బ్రాండా?"

"అది కాదండీ, నీళ్లు..." అంటూ కోడి నోరు తెరిచింది. నక్క తనకేసి చూడగానే మూసేసింది. నక్క పక్కన కూర్చోబెడితే కోడికి నోరేం పెగులుతుంది, పాపం!

పది నిమిషాలు అరుపుల్లోనే పోయాయి. సీటు చేజారిపోతోంది. మాణిక్యానికి నక్క సలహా గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్క ఓండ్ర పెట్టింది!

కోతి కొమ్మ మీంచి జారిపడింది. అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఇక దీని పని అయిపోయిందని నక్క మీసం దువ్వుకుంది.

"మన్నించండి. కోడమ్మా, నువ్వు ఇలా నా పక్కకి రా. ఇందాక ఏదో చెప్పబోయావు, చెప్పు" అంది మాణిక్యం.

"తొట్టి ఎత్తుగా ఉంది అక్కా. పెద్దవాళ్లు పొద్దున్నే తాగేసి, మిగిలింది ఒంటిమీద పోసుకుంటున్నారు. చిన్నపిల్లలకి నేలమీద వేరే కుండీ పెట్టి, మూత వేస్తే సరి."

"మూతకి నేను కాపలా!" అని కోతి గంతేసింది.

"నేను రెండు విడతలుగా మోస్తాను మేష్టారూ. పొద్దున తొట్టికి, మధ్యాహ్నం కుండీకి. ఇదీ మేం అనుకున్నది."

"సీటు మాణిక్యానిదే!" అన్నాడు మేష్టారు.

నక్క భగ్గుమంది. "అన్యాయం! అందరికన్నా ఎక్కువ మాట్లాడింది నేను!"

"అలాగా? కోడి ఏం చెప్పిందో చెప్పు, సీటు నీకే ఇస్తా."

కోడి మాట్లాడినంతసేపూ నక్క తన తర్వాతి ఉపన్యాసం తయారుచేసుకుంటోంది. ఒక్క ముక్క వింటే కదా! తల గోక్కుంది, తోక ముడిచింది.

మాణిక్యం ఆనందంతో ఎగిరి గంతేసింది. "అరవమన్నది నువ్వే బావా! నీ మేలు ఈ జన్మలో మరవను!"

నలుగురిని నడపాలనుకునేవాడికి నోరుంటే చాలదు, ముందు చెవులుండాలి.