నూకరాజు పాకకి ద్వారం ఎటు

"గురువుగారూ, పక్కోడి చేను పచ్చగా ఉంటే నా కడుపులో మంటండి. ఈ మంట ఎలా పోద్దండీ?"

అడిగింది నూకరాజు. అడిగింది లోవయ్యగారిని. పక్కన కూర్చుని విన్నది నేను. అందుకే ఈ కథ నేనే చెప్పాలి. ఇంకెవడు చెప్పినా సగం తప్పే చెబుతాడు.

ముందు నా సంగతి చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. గోదారి లంకల్లో పాకలు నేసేవాళ్ళలో నన్ను మించినోడు ఇంకా పుట్టలేదు. నేను నేసిన పాకలో కూర్చుంటే బయట వాన పడుతున్న సంగతి పక్కూరోళ్ళొచ్చి చెప్పాలి. ఒక ఏడు వరదకి నా పాక ఒకటి కొట్టుకుపోయి సముద్రం చూసొచ్చింది. లోపల పడుకున్న పిల్లికి మీసం తడవలేదు. నమ్మకపోతే ఆ పిల్లినే అడగండి.

ఇక గురువుగారు. లోవయ్యగారు మా లంకలోనే ఉంటారు. వరద తీసేసరికి ఏటేటా ఇసక చోటు మారిపోద్ది, పాత గట్టు ఎక్కడుందో గోదారికే తెలీదు. అప్పుడాయన తాడు పట్టి కొత్తగా మడులు కొలిచి శిష్యులకి పంచుతారు. ఒకటే కట్టుబాటు. ఈ ఏడు పండించినోడికి పై ఏడు మళ్ళీ మడి. ఎండగట్టుకున్నోడికి లేదు. పొద్దంతా పని, పొద్దుగూకితే నాలుగు తత్వాలు. అంతే ఆయన మఠం.

ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఒకాయన ఎక్కడినుంచో వచ్చి "మోక్షం ఎక్కడుంటుందండీ?" అనడిగితే, నూతిలో పడ్డ చేద తియ్యమన్నారు. పాపం మధ్యాహ్నం దాకా తీశాడు. తీశాక మజ్జిగ తాగి, మోక్షం ఊసే లేకుండా వెళ్ళిపోయాడు.

నూకరాజుకీ అంతే జరిగింది. గురువుగారు వాడి మొహంకేసి చూసి, "నీ మడికి ఇంకా పాక లేదు కదరా?" అన్నారు.

"లేదండి."

"లంకంతా తిరిగి చూసుకో. ఎలాంటిది కావాలో వీడికి చెప్పు, వేస్తాడు. చిన్నది చాలు. నువ్వూ నీ పెళ్ళామూ ఎండకి కూర్చుని చేను చూసుకునేటంత."

చిన్నది అని ఊరికే అనలేదండి ఆయన. లంకలో పాకకి పునాది ఉండదు. ఏరు పొంగుతోందంటే మూలకొకడు భుజం పెట్టి, పాకని పల్లకీలాగా లేపి గట్టెక్కించుకోవాలి. అందుకని ఎవడైనా నలుగురు మోసేటంతే కట్టుకుంటాడు.

నూకరాజుకి ఆ మడి వచ్చిందే కొత్తగా. అంతకుముందు బావమరిది ఇంటి వసారాలో కాపురం. పెళ్ళాం నాగరత్నం అన్నం పెడుతుంటే వదినగారు గిన్నెలో గరిటె ఎంత లోతుకి దిగుతుందో చూసేదంట. ఈ మడి పండిందా, వాళ్ళకో చోటుంది. ఎండిందా, మళ్ళీ ఆ వసారా, ఆ గరిటె.

సరే, వాణ్ణి వెంటబెట్టుకుని లంకంతా తిప్పాను. దోనె బోర్లించినట్టు ఉండే పాక చూపించాను. "వంగి దూరాలేటండీ?" అన్నాడు. గుండ్రటి పాక చూపించాను. "మూల లేకపోతే పార ఎక్కడ పెట్టనూ?" అన్నాడు. నాలుగు పక్కలా నీడపడే మంచి పాక ఒకటి చూపించాను, నా చేతిదే, దాని ముందు నిలబడి కూడా వాడి చూపు ఇటు లేదు. గట్టవతల చిట్టబ్బాయి పాక మీదుంది.

చిట్టబ్బాయంటే నూకరాజుకి పక్క మడివాడు. మెతక మనిషి. పుచ్చపాదులకి నీళ్ళు పోస్తూ ఏదో ఒకటి పాడుకుంటుంటాడు. వాడి పాక వాడే నేసుకున్నాడు, నన్ను పిలవకుండా. నేను చూశానండి, పాక నెత్తిన కొప్పు దగ్గర వంకరుంది. వచ్చినోడల్లా "ఎంత ముచ్చటగా ఉందో" అంటాడు. ఆ వచ్చేవాళ్ళ కళ్ళు అలాంటివి, మనమేం చేస్తాం.

"నాకు అలాంటిదే కావాలండి" అన్నాడు నూకరాజు.

"అచ్చంగా అలాంటిదేనా?"

"అచ్చంగా అలాంటిదే. కాకపోతే అన్నివైపులా మూరెడు ఎక్కువుండాలి."

"నలుగురికి లేవదురా."

"లేవకపోతే మానె. వాడు ఇటు చూసినప్పుడు ఇది కనపడాలి."

నాకూ లోపల ఒక సరదా పుట్టింది, ఎందుకు దాచడం. చిట్టబ్బాయి పాక పక్కన నా పాక లేస్తే చూసేవాళ్ళకి తేడా తెలిసొస్తుంది కదా! తాటాకు నానబెట్టాను. వెదురు చీల్చాను. నేను కొప్పు మీదెక్కి కూర్చుంటే కాకులు కూడా ఒడుపు నేర్చుకోడానికొచ్చి వరసగా వాలాయి.

గోడ అల్లే ముందు అడిగాను, "ద్వారం ఎటు పెట్టనురా?"

"చిట్టబ్బాయిది ఎటుంది?"

"తూర్పుకి."

"అయితే నాకూ తూర్పుకే."

"ఒరేయ్, గట్టుకి తూర్పున వాడి చేను. పడమట నీ చేను. నువ్వేమో పాక గట్టుకి ఆనించి వెయ్యమంటున్నావు. తూర్పు ద్వారం పెడితే..."

"వాడికి తూర్పు ద్వారం, నాకు పడమటి ద్వారమా? నేనేం తక్కువ తిన్నానండీ? పెట్టండి మీరు!"

పెట్టాను. పని చేయించుకునేవాడు వాడు. గురువుగారు ఒకసారొచ్చి, పాక చుట్టూ తిరిగి, ద్వారం చూసి, "తాటాకు బాగా పట్టిందిరా" అని నాతో అని వెళ్ళిపోయారు.

ఆ ఏడు పుచ్చపాదులు ఎలా పాకాయంటే, పొద్దున్న చెప్పులు విడిచిపెడితే సాయంత్రానికి వాటికి తీగ చుట్టుకునేది. నూకరాజు పొద్దున్నే నీళ్ళు పోసేవాడు. ఎండెక్కాక పాక ద్వారంలో చతికిలబడేవాడు. ఎదురుగా చిట్టబ్బాయి చేను. ఇక చూడటం మొదలు.

"నాగరత్నం, ఆ మూల కాయ చూశావా, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంతైందో?"

"చూళ్ళేదు."

"వాడేదో మందు పోస్తున్నాడే. ఒట్టి నీళ్ళకి అంత నిగనిగ రాదు."

"మావా, మన పాదులకేసి కూడా కాస్త చూడు."

"మనవెక్కడికి పోతాయే?"

ఎక్కడికి పోయాయో ఆ మధ్యాహ్నమే తెలిసింది. అవతలి ఒడ్డు గేదెలు ఏరు సన్నబడ్డ చోట మెల్లగా నడుచుకుంటూ వచ్చాయి. నూకరాజు వీపు వెనకాల, వాడి చేలో, పెళ్ళివారి పంక్తిలాగా వరసగా నిలబడి తిన్నాయి. ఒక గేదె తిని, తృప్తిగా పాక గోడకి వీపు గోక్కుంది కూడా. నా గోడ కాబట్టి నిలబడింది. లోపలున్నవాడు "గాలి బాగా తోలుతుందే" అనుకున్నాడంట!

ఏటికి నీళ్ళకెళ్ళిన నాగరత్నం తిరిగొచ్చి చూసి బిందె కింద పడేసింది. గేదెల్ని తోలేసరికి అటు సగం చేను నేలమట్టం. ఆవిడ ఏడవలేదు. మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"రెండు చేలున్న మారాజువి మావా నువ్వు. ఒకటి కాపలా కాస్తావు, ఒకటి గేదెలకి పెడతావు. నేను మళ్ళీ ఆ వసారాకి పోను. నువ్వొక్కడివే పోయి మా వదిన గరిటెతో పెట్టింది తిను."



సంగతి విని గురువుగారొచ్చారు, వెనకాల నేను, ఇంకో ఇద్దరు శిష్యులు. గురువుగారు తిన్నగా పాకలోకి వెళ్ళి, నూకరాజు రోజూ కూర్చునే చోటే కూర్చున్నారు. ద్వారంలోంచి కాసేపు చూశారు.

"నీ పంట బాగానే ఉంది కదరా నూకరాజూ. గేదెలు తిన్నాయన్నారు?"

"అది నాది కాదండి, చిట్టబ్బాయిది. నాది వెనకాలుందండి."

"అలాగా! నువ్వు రోజూ ఇక్కడ కూర్చుని చూస్తున్నావంటే నీదేననుకున్నాను."

నూకరాజు తల దించుకున్నాడు. గోళ్ళతో ఇసక గీకాడు, గీకాడు, చివరికి నాకేసి చూసి "దీన్ని తిప్పొచ్చాండీ?" అన్నాడు.

తిప్పొచ్చు, కానీ మోసేదెవరు? అన్నివైపులా మూరెడు ఎక్కువ కదా. నలుగురం భుజం పెట్టాం. నేనొక్కణ్ణే ఇద్దరి పెట్టు, అయినా పాక చెవిన పెట్టలేదు. "చిట్టబ్బాయిని పిలవరా" అన్నాను. నూకరాజు పిలవకుండా మళ్ళీ తన మూలకే భుజం పెట్టాడు. గురువుగారు భుజం మీద కండువా తీసి నాగరత్నం చేతికిచ్చి, ఒక మూలకి తానే వంగబోయారు. ఆ వయసులో ఆయన వంగుతుంటే చూడలేక నాగరత్నం గట్టెక్కి గట్టిగా కేకేసింది.

"చిట్టబ్బాయన్నయ్యా! ఒక చెయ్యి వెయ్యి నాయనా!"

చిట్టబ్బాయి బురద చేతుల్తోనే పరిగెత్తుకొచ్చాడు. గురువుగార్ని తప్పించి, నూకరాజు పక్కనే భుజం పెట్టాడు. ఇద్దరి తలలూ ఒకే వాసం కింద. లేచింది పాక.

"అబ్బ, ఏం బరువురా నూకరాజన్నా!" అన్నాడు చిట్టబ్బాయి ఆయాసపడుతూ. "ఇంత పాక నువ్వు లేపినప్పటినుంచీ మా ఆవిడ నన్ను బతకనివ్వట్లేదు. మన కొప్పు వంకరంట, మీది తిన్నగా ఉందంట."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా భుజం మీద బరువు సగం తగ్గింది. నూకరాజు మొహమైతే దీపం పెట్టినట్టయింది. "ఏమందీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు, పాక గాల్లో ఉండగానే.

"ముందు దింపండెహె!" అని అరిచాను నేను.

ద్వారం పడమటికి తిరిగింది. ఆ పూట నుంచి నూకరాజు ఎదురుగా వాడి చేనే ఉంది, సగం తొక్కేసిన చేను. చూస్తే బాధ. బాధ కాబట్టి లేచి వెళ్ళేవాడు. నలిగిన తీగలకి మళ్ళీ మన్ను కప్పి పాకించాడు. మొగుడూ పెళ్ళాం ఏటి పక్కన ముళ్ళకంప కట్టారు. గేదె తల కనబడితే చాలు, కర్ర పట్టుకుని ఏట్లో సగం దాకా ఎదురెళ్ళేవాడు. కోతలనాటికి చిట్టబ్బాయి కాయలంత కాకపోయినా, పాక ముందు గుట్ట పడింది. గురువుగారొచ్చి ఒక కాయ కోయించి, నాకో ముక్క, ఆయనకో ముక్క తీసుకుని, "పై ఏడు కూడా నీకు మడి కొలుస్తానురా" అన్నారు. నాగరత్నం అప్పుడు ఏడ్చింది.

నేను చెయ్యి కడుక్కుందామని పాక వెనక్కెళ్ళాను. చూద్దును కదా, నా తూర్పు గోడకి కన్నం! జానెడు కన్నం. తాటాకు చీల్చి, అంచులు లోపలికి మడిచి, ముచ్చటగా కిటికీ పెట్టుకున్నాడు. అంచు నున్నగా అరిగి ఉంది, మొహం ఆనించి ఆనించి.

"ఒరేయ్ నూకరాజూ! ఏనుగు గుద్దినా చెక్కుచెదరని గోడరా అది! దీనికి కన్నమేటిరా?"

"గాలికండి" అన్నాడు, పుచ్చకాయకేసి చూస్తూ.

"గాలి పడమటినుంచి తోలుతుంటే తూర్పున కన్నమేటి?"

నాగరత్నం పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు చెవులు ఎర్రబడ్డాయి. "గురువుగారూ, రోజుకోసారేనండి... పడుకోబోయే ముందు..." అని నసిగాడు. ఇస్తానన్న మడి లాగేసుకుంటారేమోనని వాడి భయం.

గురువుగారు పాకలోకొచ్చి, నడుం వంచి, ఆ కన్నంలోంచి ఆయనా ఒకసారి చూశారు. అవతల చిట్టబ్బాయి కాయల గుట్ట నిగనిగలాడుతోంది. తర్వాత కన్నానికి చెయ్యి అడ్డంపెట్టి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపి కొలిచారు.

"మొన్నటిదాకా ద్వారమంత ఉండేది కదరా" అన్నారు, కండువా దులుపుకుని బయటికి నడుస్తూ.