వెలగని గీత

పాల్వంచ థర్మల్ కాలనీలో చక్రధర్ అనే ఫోర్‌మన్ ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, ఓడిపోవడమంటే మాత్రం అతనికి అస్సలు గిట్టేది కాదు. క్యారమ్స్‌లో ఓడితే బోర్డు వంకరగా ఉందనేవాడు. పదేళ్ళ కూతురు హంసిని చదరంగంలో అతని రాజును కట్టేస్తే, "వెలుతురు చాలక సరిగ్గా కనపడలేదమ్మా" అనేవాడు.

"పట్టపగలేగా నాన్నా!" అని హంసిని నవ్వేది.

అతనికి ఒక పాత వీడియో గేమ్ అంటే ప్రాణం. అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ డబ్బా అది. ఓడలో వంటవాడిగా పనిచేసిన మేనమామ ఏదో రేవులో కొని, చక్రధర్ చిన్నప్పుడు తెచ్చిచ్చాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు కాలనీలో ఎవరూ విననే లేదు. ఇంటర్నెట్‌లో వెతికినా అలాంటిది కనిపించలేదు. తెర మీద ఒక కోతి చెట్టెక్కి కొబ్బరికాయలు విసురుతుంది. కింద ఉన్న మనిషిని అటూ ఇటూ జరుపుతూ వాటిని బుట్టలో పట్టాలి. మూడు కాయలు నేలపాలైతే ఆట అయిపోయినట్టే.

"ఇన్నేళ్ళయినా దీనికి చిన్న రోగం కూడా రాలేదు. ఇలాంటిది జిల్లా మొత్తంలో ఇంకోటి చూపించండి!" అని చక్రధర్ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ఏడాది కాలనీ క్లబ్బులో పాత ఆటల పోటీలు పెట్టారు. అష్టాచెమ్మా, వామనగుంటల పక్కన చక్రధర్ వీడియో గేమ్‌కీ ఒక బల్ల వేశారు. పిల్లలు, పెద్దలు దాని చుట్టూ ఎగబడ్డారు. ఒక్కొక్కరికీ ఒకే ఆట. ఎవరూ మూడు వందలు దాటలేకపోయారు. చక్రధర్ వంతు వచ్చింది. అతని బొటనవేళ్ళు చకచకా కదిలాయి. చివరికి ఆరు వందల డెబ్బై ఒకటి దగ్గర ఆట ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇక మిగిలింది జోసెఫ్ ఒక్కడే. చక్రధర్‌కి చిన్ననాటి స్నేహితుడు. బళ్ళో చదివేటప్పుడు ఈ ఆటలో ఎన్నోసార్లు అతని చేతిలో ఓడిపోయినవాడు.

"ఏరా చక్రీ, ఈసారైనా గెలవనిస్తావా?" అన్నాడు జోసెఫ్.

"ముందు మూడొందలు దాటి చూపించరా!" అన్నాడు చక్రధర్.

జోసెఫ్ ఆడుతుంటే చక్రధర్ అతని భుజం మీదుగా తెర వంకే చూస్తూ నిలబడ్డాడు. కాయ తరవాత కాయ బుట్టలో పడుతూనే ఉంది. జోసెఫ్ చూపు కోతి మీదే ఉంది. చక్రధర్ చూపు అంకెల మీద ఉంది. మూడో కాయ నేల మీద పడింది. క్లబ్బు కార్యదర్శి పద్మావతిగారు కళ్ళజోడు సర్దుకుని తెర చూసి, "ఆరు వందల నాలుగు! చక్రధర్‌గారే విజేత!" అని ప్రకటించారు.

హంసిని ఎగిరి గంతేసింది. "మా నాన్న గెలిచాడు! మా నాన్న!" అంటూ హాలంతా పరిగెత్తింది. జోసెఫ్ నవ్వుతూ చెయ్యి చాపాడు. "నిన్ను కొట్టేవాడు లేడురా!" అన్నాడు.

ఆ చెయ్యి అందుకోవడానికి చక్రధర్‌కి మనసొప్పలేదు. ఎందుకంటే అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. ఆ తెర మీద అంకెలు చిన్న చిన్న గీతలు వెలిగి ఏర్పడతాయి; కిందటి ఎండాకాలం నుంచీ మధ్య అంకెకు నడిమి అడ్డగీత వెలగడం లేదు. ఆ గీత లేకపోతే ఎనిమిది సున్నాలా కనిపిస్తుంది. జోసెఫ్‌కి వచ్చింది ఆరు వందల ఎనభై నాలుగు. తన వస్తువుకు లోపముందని చెప్పుకోవడం నామోషీ అనిపించి, చక్రధర్ ఆ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

నోరు మూసుకుంటే సరిపోతుంది. అడిగేవాళ్ళెవరూ లేరు. పద్మావతిగారు అప్పటికే షీల్డు చేతిలోకి తీసుకున్నారు. మెరుస్తున్న కళ్ళతో హంసిని వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ కళ్ళలోకి చూడలేక చక్రధర్ తల దించుకున్నాడు. గెలిచినవాడు తల దించుకోవడమేమిటని అతనికే అనిపించింది.

"ఆగండి మేడమ్. గెలిచింది నేను కాదు, జోసెఫ్" అన్నాడు గట్టిగా.

అతను విషయమంతా చెప్పాడు.

"మొహమాటానికి అంటున్నావురా. అందరూ చూశారుగా!" అన్నాడు జోసెఫ్.

"అయితే ఇది చూడండి. ఈ మీట నొక్కితే, ఇవాళ ఆడిన వాటన్నిట్లో పెద్ద స్కోరు కనిపిస్తుంది. నేను గెలిచి ఉంటే నా ఆరు వందల డెబ్బై ఒకటే రావాలి" అని చక్రధర్ మీట నొక్కాడు.

తెర మీద ఆరు, సున్నా, నాలుగు కనిపించాయి. ఆ సున్నా నిజానికి ఎనిమిదేనని అందరికీ అర్థమైంది.

పద్మావతిగారు షీల్డు జోసెఫ్‌కి ఇచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చక్రధరే. జోసెఫ్ అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆశ్చర్యం! ఓడినా చక్రధర్‌కి ఎవరి మీదా, దేని మీదా నెపం వెయ్యాలనిపించలేదు. గుండె మాత్రం తేలికగా ఉంది.

బయటికి వస్తుంటే హంసిని స్నేహితురాలు ఎదురై, "మీ నాన్న ఓడిపోయారటగా?" అంది.

"అవును. ఆ సంగతి చెప్పింది కూడా మా నాన్నే!" అంది హంసిని తలెత్తి. తండ్రి చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంది.

తనది కాని గెలుపును సొంతం చేసుకున్నవాడు తన కళ్ళకే చిన్నవాడవుతాడు. ఓటమిని నిజాయితీగా ఒప్పుకున్నవాడు అందరి ముందూ తలెత్తుకు నిలబడతాడు. ఇదే ఈ కథలోని నీతి.