ఏం వెతికినా ముందు రాజుగారే

రాజులకు కూడా వెబ్‌సైట్లున్న కాలం మాట. తన వెబ్‌సైట్‌ని ఎవరూ చూడటం లేదని చండకేతు మహారాజుకి బెంగ పట్టుకుంది. "రాజ్యంలో ఎవరు ఏం వెతికినా ముందు నా పేజీయే కనబడాలి" అని హుకుం జారీ చేశాడు. ఆస్థాన నిపుణులు నిఘంటువులో ఉన్న మాటలన్నీ తెచ్చి ఆ పేజీలో కుక్కారు.

దాంతో తుంగచాపలు నేసే సింగారమ్మ సైటు ఎక్కడో అడుగున పడిపోయింది. చాప కోసం వెతికినవాళ్లకి రాజుగారి మీసాలు కనబడుతున్నాయి. బేరాలు లేక ఆమె సభకెళ్లి మొరపెట్టుకుంది.

"జనం నన్ను వెతుక్కుంటూ వస్తుంటే నీకు కడుపుమంటా?" అని గద్దించాడు రాజు.

"నాకెందుకు మహాప్రభూ! నిజంగానే వస్తున్నారు. మా వీధి గంగులు 'తప్పిపోయిన దున్నపోతు' అని వెతికితే మొట్టమొదట తమరి బొమ్మే వచ్చింది. పలుపుతాడు పట్టుకుని కోట వాకిట్లో నిలబడ్డాడు, తోలుకుపోకుండా కదలనంటున్నాడు. లోపలికి రమ్మనమంటారా?"

రాజు ఆ పూటే పేజీలోంచి మాటలన్నీ ఊడ్పించేశాడు. సింగారమ్మ చాపలు మళ్లీ పైకొచ్చాయి. దున్నపోతు అన్న మాట ఒక్కటి మాత్రం తీయడం నిపుణులు మరిచిపోయారు.