కుడికాలికి ఆటో, ఎడమకాలికి నడక

గుమ్మడి వారింట్లో తెలివి పొంగి పొర్లుతూ ఉండేది. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, వాళ్ళే అనుకునేవారు. తండ్రి వీరభద్రం గారు, కొడుకులు తాతబ్బాయి, సత్తిపండు, బుల్లబ్బాయి. నలుగురి బుర్రలూ కలిపి చెంబులో పోస్తే అడుగు కూడా తడవదు.

వీరభద్రం గారికి షుగరు. పాదాలు మొద్దుబారుతున్నాయని డాక్టరుకి చూపించారు. ఆయన పాపం ఓపిగ్గా చెప్పారు.

"చర్మం కింద నరాల కొసలుంటాయి. తాకితే తెలిపేవి వేరు, వేడి తెలిపేవి వేరు, గుచ్చితే తెలిపేవి వేరు. దేని పని దానిదే. ఏ కాలికి ఏది తెలుస్తోందో రోజూ చూసి తేల్చుకోండి. ఏమీ తెలియని కాలు కనబడితే మాత్రం వెంటనే ఆ కాలు తీసుకురండి. ఆలస్యమైతే తీసేయాల్సొస్తుంది."

అంతే. ఇంటికి రాగానే తాతబ్బాయి వంటింటి గోడ మీద బొగ్గుతో మూడిళ్ళు గీశాడు. తాకుడు వారిల్లు, వేడి వారిల్లు, గుచ్చుడు వారిల్లు. ఒక్కో కొసనీ దాని ఇంట్లో దింపేస్తే రోగం కుదిరినట్టేనని వాళ్ళ నమ్మకం. తండ్రి కాళ్ళు చూసినవాడు ఒక్కడూ లేడు.

"కొసలు చర్మంలో కాపురముంటాయి, కాబట్టి చర్మం వారే" అన్నాడు సత్తిపండు.

"నరానికి పుట్టాయి, నరం వారే. అల్లుడు అత్తారింట్లో ఉంటే ఇంటిపేరు మారుతుందేంట్రా?" అన్నాడు తాతబ్బాయి.

"ఇల్లరికమైతే?"

ఇంకేముంది, నరాలు ఇల్లరికం వెళ్ళాయో లేదో తేలక ఆ పూట అన్నాలు మానేశారు. ఇంతలో దురద వచ్చి పడింది. అది తాకుడు వారి పిల్లా, గుచ్చుడు వారి పిల్లా? తేలేదాకా ఇంట్లో ఎవరూ గోక్కోకూడదన్నాడు బుల్లబ్బాయి. అసలే దోమల కాలం. నలుగురూ చేతులు కట్టుకుని మెలికలు తిరుగుతూ కూర్చున్నారు. ఇలాంటి వాళ్ళని చూస్తే జాలిపడాలంటారు గానీ, నాకైతే ఒళ్ళు మండుతుంది.

అలా కూర్చుని ఉండగా కట్టెల సందులోంచి తేలొచ్చి వీరభద్రం గారి ఎడమకాలిని కుట్టింది. ఆయన లేచి గెంతారు.

తాతబ్బాయి బొగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "గుచ్చిందా నాన్నా, మండిందా?"

"గుచ్చి మండిందిరా."

"ఒకదాన్ని రెండిళ్ళలో ఎలా పెడతాం? ఏదో ఒకటి చెప్పు."

"ఈ కాలు కంగారులో ఉందిరా, దీన్ని అడక్కండి. రెండోదానికి కుట్టించండి, నిదానంగా చూసి చెబుతాను" అన్నారు ఆ మహానుభావుడు.

బుల్లబ్బాయి పట్టకారుతో తేలుని తెచ్చి కుడి బొటనవేలి మీద పెట్టాడు. తేలు తన పని తను చేసింది. మళ్ళీ పనికొస్తుందని దాన్ని చెంబు కింద మూసిపెట్టారు. వీరభద్రం గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు.

"ఏమీ తెలియట్లేదురా" అన్నారు.

అప్పుడు చూశారు ఆ వేలు. ఎప్పుడు పడిందో పుండు, నల్లబడిపోయి ఉంది. డాక్టరు మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఏమీ తెలియని కాలు తీసుకురమ్మన్నారు. తెలిసే కాలిని రమ్మనలేదు. అంతే, ఆటో పిలిచి కుడికాలిని సీటు మీద దిండేసి పడుకోబెట్టి, ముగ్గురూ దాని చుట్టూ ఎక్కి కూర్చున్నారు. ఎడమకాలు కింద రోడ్డు మీద గెంతుకుంటూ వచ్చింది. దాంతోపాటు వీరభద్రం గారూ వచ్చారు.

"పెద్దాయన్ని పూర్తిగా ఎక్కించుకోవచ్చు కదండీ" అన్నాడు ఆటో అతను.

"ఆ కాలిని డాక్టరు గారు పిలవలేదండి" అన్నాడు సత్తిపండు.

ఎలాగో ఆస్పత్రి గేటు దాకా చేరారు. వరండాలో డాక్టరు కనబడుతున్నారు కూడా. ఇంకొక్క నిమిషం నోళ్ళు మూసుకుని ఉంటే ఆ కాలు దక్కేది.

"ఎడమకాలి బాధ ఓర్చుకోలేకపోతున్నానురా" అన్నారు వీరభద్రం గారు రొప్పుతూ.

తాతబ్బాయి ఆటో ఆపించాడు. "గుచ్చుతోందా నాన్నా, మండుతోందా?"

"రెండూరా."

తేల్చుకోమన్నారు డాక్టరు. ఇంకా తేలనే లేదు. తేలకుండా లోపలికెళ్తే గుమ్మడి వారి తెలివికి ఎంత తలవంపులు?

"ఆటో వెనక్కి తిప్పవయ్యా" అన్నాడు తాతబ్బాయి. "తేలు ఇంట్లోనే ఉంది."