నాలుగో వంతు

గండికొండ కోటను కట్టించింది ఎవరో చెప్పే శాసనం దొరకలేదు. చెప్పేవాళ్ళు మాత్రం ముగ్గురున్నారు. ముగ్గురూ మూడు పేర్లు చెబుతారు. కాబట్టి కట్టినవాణ్ణి వదిలేసి, అందులో కాపురమున్నవాడి సంగతి చూద్దాం. వాడు సింగప్ప అనే నక్క.

కోట నడిబొడ్డున, నేలలోపల, పాతకాలపు ధాన్యపు పాతర ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడికి ఎండ దిగదు. గోడలు బూడిదరంగు వెలుతురులో తడితడిగా మెరుస్తుంటాయి. అక్కడ సింగప్ప గవ్వలాట నడిపేవాడు. ఆడటానికి వచ్చిన జంతువులు తాము దాచుకున్న కొర్రలు పందెం కాసేవి. గవ్వలు విసిరిన చప్పుడు మాత్రం బయటికి వినిపించేది. ఆడేవాళ్ళ మాట ఒక్కటీ వినిపించేది కాదు.

పాతరలో కూర్చుంటే ఆటగాళ్ళు తమంతట తాము రారు కదా. ఆ పని మల్లక్క అనే గోరింకది. గోరింకలకు ఎవరి గొంతైనా వస్తుంది, ఏ మాటైనా వస్తుంది. "నేనూ ఆడాను సుమా! మూడు కుండల కొర్రలు గెలిచాను," అని అడవంతా తిరిగి చెప్పేది. నిజానికి ఆమె ఒక్కసారి కూడా గవ్వ ముట్టుకోలేదు. తాను పంపిన ప్రతి జంతువు ముందరికాలి మీద, విరిగిన మైలురాయి దగ్గర, ముక్కుతో ఎర్రటి జేగురుబొట్టు పెట్టేది. అది ఆమె గుర్తు. ఒప్పందం ఒక్క ముక్క: మల్లక్క తెచ్చినవాళ్ళు ఓడినదానిలో నాలుగో వంతు మల్లక్కది.

ఆ వేసవంతా ఆమె మేతకు వెళ్ళలేదు. గూట్లో మూడు పిల్లలు ఉన్నాయి. నైరుతి మబ్బు కొండ వెనక పేరుకుంటోంది. ముసురు పట్టిందంటే పదిహేను రోజులు గింజ దొరకదు. కోట నుంచి రావలసిన వాటాయే ఆ పిల్లలకు తిండి. ఆమె లెక్క ప్రకారం పదకొండుమంది కలిసి నలభై ఎనిమిది మానికల కొర్రలు ఓడారు. అంటే తనకు పన్నెండు రావాలి.

"సింగప్ప మామా, నా వాటా తీసుకుపోదామని వచ్చాను," అంది, పాతర అంచున వాలి.

"రా కోడలా, రా! ఎవరి వాటా?"

"నేను పంపిన పదకొండుమందిది."

నక్క కళ్ళు చిట్లించింది. "నీ జేగురుబొట్టు ఉన్నవాడు ఒక్కడూ లోపలికి రాలేదే! అందరూ ఉత్త కాళ్ళతోనే వచ్చారు. తమంతట తాము వచ్చినవాళ్ళకి నేనెందుకు పంచాలి?"

మల్లక్క తల తిప్పి చూసింది. పెద్దవాకిలికి కంప కొట్టి ఉంది. లోపలికి వచ్చే దారి ఇప్పుడు కందకంలోంచే. మోకాలిలోతు నీళ్ళలో నడిచి వస్తే ఏ బొట్టు నిలుస్తుంది?

"నువ్వే కడిగించావు మామా!"

"నేనా? నీళ్ళు కడిగాయి. పైగా కిందటి నెల ఉడుత మూడు మానికలు గెలిచింది. అది నీ ఖాతాలోంచి తీసేస్తాను."

"ఓడినదాంట్లో వాటా అన్నావుగానీ, గెలిచినదానికి జవాబుదారీ అనలేదే!"

"అమావాస్య నుంచి మారింది. వాటా ఇరవై మానికలకు తక్కువైతే ఇవ్వడం కూడా లేదు."

"నాకు చెప్పలేదే?"

"గోడ మీద రాయించాను."

"ఏ గోడ మీద?"

"పాతర లోపలి గోడ. ఆడేవాళ్ళందరికీ కనిపిస్తుంది. నువ్వు ఎన్నడూ ఆడలేదాయె!"

ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య! "పంచాయతీ పెట్టిస్తాను," అంది గోరింక.

"తప్పకుండా పెట్టించు," అన్నాడు సింగప్ప. బెదరలేదు సరికదా, పళ్ళు కనబడేట్టు నవ్వాడు. "కాకపోతే సాక్షులను తెచ్చుకో. పదకొండుమందినీ."

కోట బయట ఒకప్పుడు సున్నం రుబ్బిన గానుగ గాడి ఒకటి గుండ్రంగా ఉంది. అడవి పంచాయతీ దాని చుట్టూ కూర్చునేది. తీర్పరి బసవప్ప అనే ముసలి ఎద్దు. నములుతున్న గడ్డి మింగేదాకా నోరు తెరవడు. తెరిస్తే మాట వెనక్కి తీసుకోడు.

సింగప్ప ముందే వచ్చి గాడి అంచున కూర్చున్నాడు. సాయంకాలపు ఏటవాలు ఎండలో సాక్షులు వచ్చారు. కుందేలు, ఉడుత, కౌజుపిట్ట, ఇంకా ఏడుగురు. అందరికన్నా వెనక ముళ్ళపంది ఓబులేసు. నడక మెల్లగా ఉంది. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. బసవప్ప నీడ గాడి దాటి అవతలి తుమ్మచెట్టు దాకా పరుచుకుంది. మల్లక్క నీడ కూడా నేలమీద సన్నగా కదిలింది. ఆ పదకొండుమంది పాదాల దగ్గర మాత్రం ఏమీ లేదు. వట్టి ఎండ.

బసవప్ప నమలడం మానేశాడు. "నీడలేవర్రా?"

"కొర్రలు అయిపోయాయి బాబాయ్," అంది కుందేలు. "సింగప్ప అన్నాడు, నీడ పందెం పెట్టండి, బరువు లేనిది, పాతరలో దానితో పనేముంది అని. లోపల ఉన్నన్నాళ్ళూ పోయినట్టే తెలియలేదు."

"బయటికి వచ్చాక తెలియలేదా?"

"మధ్యాహ్నం ఎవరి నీడైనా పొట్టిదే కదా, అనుకున్నాం."

మల్లక్కకు తెలుసు. వాళ్ళకు నీడలు లేకపోవడం వారం కిందటే చూసింది. అడగలేదు.

"ఒప్పందం మాట ఏమిటమ్మా?" అన్నాడు బసవప్ప.

గోరింక పని తేలు కుట్టిన దొంగలా అయింది. చెప్పకపోతే వాటా లేదు; చెబితే వింటున్నది వీళ్ళు. గూట్లో తెరుచుకున్న మూడు నోళ్ళు గుర్తొచ్చాయి. చెప్పేసింది. "నేను తెచ్చినవాళ్ళు ఓడినదానిలో నాలుగో వంతు."

ఓబులేసు మెల్లగా తల ఎత్తాడు. "అక్కా, మేం గెలవాలని పంపావనుకున్నాం. మూడు కుండలు గెలిచానన్నావుగా?"

మల్లక్క ముక్కు రెక్క కిందికి తిప్పుకుంది.

"పోనీలే. తెచ్చింది ఆమేనా కాదా అని కదా తగువు?" అంది కౌజుపిట్ట. "ఆమే తెచ్చింది. నా కాలికి బొట్టు పెట్టింది. నేను ఒట్టేసి చెబుతాను."

ఒకరి తరవాత ఒకరు పదకొండుమందీ అదే చెప్పారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని మల్లక్కకు అనిపించింది.

"సింగప్పా, ఒప్పందం ఆమె చెప్పిందేనా?"

"అక్షరం పొల్లు లేదు దొరా."

"అయితే తీర్పు. నాలుగో వంతు ఇచ్చెయ్. ఇప్పుడే, ఇక్కడే. ఉడుత గెలుపు తీసెయ్యడానికి లేదు. గోడరాతలు చెల్లవు."

మల్లక్క ఊపిరి పీల్చుకుంది. నక్క కోటలోకి పోయి, పాతరలోకి దిగి, ఏదో నోట కరుచుకుని తిరిగి వచ్చింది. అది కొర్రల మూట కాదు. తడిసిన గొంగళిలా నల్లగా, మడతలు మడతలుగా నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"కొర్రలు నేనూ నా బంధువులూ ఎప్పుడో తినేశాం. మిగిలింది ఇదే. వీళ్ళు ఓడినదాంట్లో ఇదీ ఉంది కదా? ఏ సరుకులో ఇవ్వాలో ఒప్పందంలో లేదు."

"కొర్రలే కావాలి మామా! పిల్లలు..."

"ఓడినదానిలో, అన్నావు. ఓడిన కొర్రల్లో, అనలేదు."

"ఆమె మాటే అది," అన్నాడు బసవప్ప.

సింగప్ప ఒక్కొక్క నీడా పరిచి, నాలుగో వంతు కొరికి విడదీశాడు. గుడ్డ చినిగినట్టు చప్పుడు రావాలి. రాలేదు. కుందేలు నీడలో చెవి, ఉడుత నీడలో తోక, ముళ్ళపంది నీడలో పిడికెడు ముళ్ళు. తెగిన ప్రతి ముక్కా నేలమీద కాసేపు వెతుక్కుని, పాకుతూ వచ్చి, గోరింక పాదాలకు అతుక్కుంది.

"అక్కా," అన్నాడు ఓబులేసు, "అందులో నాదేదో చూసి ఇస్తావా?"

మల్లక్క వంగి ముక్కుతో లాగింది. ముక్కు మట్టిలో దిగింది. నీడ కదలలేదు.

ఆమె గూటికి ఎగిరింది. కింద నేలమీద ఒక పిట్ట నీడ కాదు, చెవులూ తోకలూ ముళ్ళూ కలగలిసిన పెద్ద ముద్ద ఒకటి కొమ్మలమీదుగా సాగింది. దారిలో గోరింకల గుంపు దాన్ని చూసి చెల్లాచెదురైంది. గూటిమీద వాలేసరికి, తెరిచి ఉన్న మూడు నోళ్ళూ మూతపడ్డాయి. పిల్లలు ఒకదాని కింద ఒకటి దూరి, తల్లి గొంతు విన్నా తలెత్తలేదు.

మర్నాడు ముసురు పట్టింది. గుంపు తోడు లేకుండా, తడిసిన రెక్కలతో, మల్లక్క ఒక్కతే గింజలు వెతకడానికి బయలుదేరింది.

ఎదుటివాడు పోగొట్టుకున్నదానిలో వాటా కోరుకుంటే, చేతికి వచ్చేది వాడు పోగొట్టుకున్నదే.